నలుగురైదుగురి బృందానికి డ్రాఫ్ట్ క్యూబ్: కార్డుల కంటే ముందు మనుషులను లెక్కపెట్టండి

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. హైదరాబాద్ కొండాపూర్‌లో వారాంతాల్లో కలిసే నలుగురైదుగురు మిత్రులు మీరు. ఏళ్ల తరబడి ప్యాకులు కొని పోగుచేసిన ‘మ్యాజిక్’ అనే ఆట కార్డులు రెండు మూడు వేలు మీ దగ్గర ఉన్నాయి. వాటిలోంచి ‘మంచివన్నీ ఏరి’ 540 కార్డుల క్యూబ్, అంటే మళ్లీ మళ్లీ ఆడుకునే కట్ట, కట్టాలనుకుంటున్నారు. ఖరీదైన కార్డులు లేకపోతే క్యూబ్ చప్పగా ఉంటుందా, ఇద్దరే వచ్చిన రోజు ఏం చేయాలి అని కూడా అడిగారు. ఈ నగరంలో చాలా కాలంగా క్యూబ్‌లు కట్టి మిత్రుల చేత ఆడిస్తున్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా ఒక మాట: 540 వద్దు. మంచివన్నీ ఏరే పద్ధతి కూడా వద్దు. ఈ రెండింటికీ కారణాలు ఉన్నాయి.

ఈ ఆట కొత్తగా నేర్చుకుంటున్నవారి కోసం రెండు మాటలు. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ 1993లో వచ్చింది. మామూలు డ్రాఫ్ట్‌లో, 2024కు ముందటి ప్యాకుల లెక్కన, ఒక్కొక్కరు 15 కార్డుల ప్యాకు తెరిచి, ఒకటి తీసుకుని, మిగతావి పక్కవారికి అందిస్తారు. గల్లీ క్రికెట్‌లో ఇద్దరు కెప్టెన్లు వంతులవారీగా ఆటగాళ్లను పంచుకున్నట్టే ఇదీ, కాకపోతే ఎవరు ఎవరిని కోరుకున్నారో పైకి కనిపించదు. మూడు ప్యాకులు అయ్యేసరికి ఒక్కొక్కరి దగ్గర 45 కార్డులు చేరతాయి. వాటిలోంచి 23 ఎంచి, 17 ల్యాండ్లు (మిగతా కార్డులు వేయడానికి కావాల్సిన ‘మానా’ అనే శక్తినిచ్చే కార్డులు) కలిపి 40 కార్డుల డెక్, అంటే ఆడే కట్ట, కడతారు. క్యూబ్ అంటే ఆ ప్యాకుల స్థానంలో మనమే కూర్చిన కార్డుల కట్ట. సాధారణంగా ప్రతి కార్డూ ఒక్కటే ఉంటుంది. కలిపి, పంచి, ఆడి, చివరికి అన్నీ మళ్లీ పెట్టెలోకే వెళ్తాయి. ప్రతిసారీ డబ్బు పెట్టి ప్యాకులు కొనే పని ఉండదు, ఎవరూ కార్డు ఇంటికి తీసుకుపోరు. ఎక్కువ జీతం ఉన్నవాడికీ చదువుకుంటున్నవాడికీ బల్ల దగ్గర ఒకే అవకాశం దొరుకుతుంది. నాకు క్యూబ్ మీద ఇంత ప్రేమ ఉండటానికి మొదటి కారణం అదే.

ఇప్పుడు సంఖ్య విషయం. ఇంటర్నెట్‌లో కనిపించే 360 అన్న సంఖ్య ఎనిమిది మంది కోసం పుట్టింది: 8 మందికి 45 చొప్పున 360. దాన్ని పెంచితే 540, 720. మీ ఇంటికి ఎనిమిది మంది వస్తారా? రారు. నలుగురు వస్తే ఒక ఆటకు అక్కరకొచ్చేది 180 కార్డులే. 540 కార్డుల క్యూబ్‌లో అది మూడో వంతు. అంటే ఏ ఒక్క కార్డైనా ఆ రోజు బల్ల మీదికి వచ్చే అవకాశం 33 శాతం. రెండు కార్డులు కలిస్తేనే పండే జోడీ ఒకటి పెట్టారనుకోండి, ఆ రెండూ ఒకే రోజు కనిపించే అవకాశం దాదాపు 11 శాతం. మీరు రాత్రులు కూర్చుని అల్లిన జోడీలన్నీ పెట్టెలోనే నిద్రపోతాయి. మిత్రుల చేతికి మాత్రం ఒకదానికొకటి సంబంధం లేని కార్డులు వస్తాయి. అప్పుడు ‘బలమైన కార్డు కనిపిస్తే తీసుకో’ అన్నదొక్కటే ఆట అవుతుంది.

అందుకే మీకు నేను 270 సూచిస్తాను. ఆరుగురు వస్తే సరిగ్గా సరిపోతుంది. నలుగురు వస్తే మూడింట రెండు వంతులు వాడతారు, కాబట్టి పైన చెప్పిన జోడీ కలిసి కనిపించే అవకాశం 44 శాతానికి పెరుగుతుంది. ప్రతిసారీ మూడో వంతు కార్డులు పెట్టెలో ఉండిపోతాయి కనుక విసుగూ రాదు. ఎప్పుడూ నలుగురే అయితే 180తో మొదలుపెట్టినా తప్పులేదు, కానీ నాలుగైదు వారాల్లో అందరికీ కట్ట కంఠస్థం అయిపోతుంది.

ఈ 270ని నేనైతే ఇలా పంచుతాను. ఆటలోని అయిదు రంగులకు (తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ) 38 చొప్పున 190. రెండు రంగుల జోడీ కార్డులు, పది జోడీలకు రెండేసి చొప్పున 20. రంగులేని కార్డులు 30. ల్యాండ్లు 30. జోడీ కార్డుల దగ్గర చేయి బిగించాలి, ఎందుకంటే నీలం-ఎరుపు కార్డు ఆ రెండు రంగులూ ఆడేవాడికి మాత్రమే పనికొస్తుంది. నలుగురు ఆడుతున్నప్పుడు అలాంటివాడు ఆ రోజు ఉండకపోవచ్చు. చూడటానికి అందంగా ఉంటాయని ఈ కార్డులను ఎక్కువ పెడితే ప్రతి ప్యాకు చివరా అవే తేలతాయి.

ల్యాండ్లను మాత్రం తగ్గించవద్దు. చేతిలో మంచి కార్డులుండి, వేయడానికి సరైన రంగు మానా లేక ఓడిపోవడం కంటే నిరుత్సాహం ఈ ఆటలో మరొకటి లేదు. దీనికి ఖరీదు కూడా అక్కర్లేదు. పది రంగుల జోడీలకు ఒక్కొక్కటి చొప్పున, రెండు రంగుల మానా ఇచ్చే గిల్డ్‌గేట్లు పది, 2014లో ఖాన్స్ ఆఫ్ తార్కిర్ అనే కార్డుల సెట్‌తో వచ్చిన, ఒక ప్రాణం (లైఫ్ పాయింట్) ఇచ్చే ల్యాండ్లు పది, మొత్తం ఇరవై, అన్నీ కామన్ (ప్యాకుల్లో విరివిగా దొరికే) కార్డులే. వాటికి ఎవాల్వింగ్ వైల్డ్స్, టెర్రామార్ఫిక్ ఎక్స్‌పాన్స్ కలపండి. ఆ రెండూ పేరు వేరైనా పని ఒక్కటే, కాబట్టి ‘ఒక్కో కార్డు ఒక్కటే’ అన్న నియమం చెడకుండా ఒకే పనిని రెండుసార్లు పెట్టుకోవచ్చు.

ఇక అసలు సంగతి: ఏ కార్డులు ఏరాలి? మీ కట్టలోంచి మంచివన్నీ ఏరితే ఏం జరుగుతుందో చెప్పగలను. ఎవరి సేకరణ చూసినా అందులో డ్రాగన్లు, దేవదూతలు, ఆరేడు మానాల ఖర్చుతో దిగే భారీ క్రీచర్లు (పోరాడే జీవుల కార్డులు) నిండుగా ఉంటాయి. ఎందుకంటే ప్యాకు తెరిచినప్పుడు మనం దాచుకునేవి అవే. రెండు మానాల 2/1 (దాడి బలం 2, తట్టుకునే బలం 1) సైనికుడిని ఎవరూ ఆల్బమ్‌లో పెట్టుకోరు. అలా ఏరిన క్యూబ్‌లో మొదటి నాలుగు టర్న్‌లు ఎవరూ ఏమీ చేయరు. అయిదో టర్న్‌లో ఎవరి డ్రాగన్ ముందు దిగితే వాళ్లు గెలుస్తారు. డ్రాఫ్ట్‌లో తెలివి చూపే చోటే ఉండదు.

ప్రతి రంగులో అన్నిటికంటే ఎక్కువగా ఉండాల్సినవి రెండు మానాల కార్డులు. తర్వాత మూడు, ఆపై నాలుగు మానాలవి. ఆరు, అంతకు మించినవి రంగుకు మూడు నాలుగు చాలు. ముఖ్యంగా తెలుపు, ఎరుపు రంగుల్లో ఒకటి, రెండు మానాల దాడి చేసే క్రీచర్లు దండిగా ఉండాలి. నేను చూసిన కొత్త క్యూబ్‌లలో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. దూకుడుగా ఆడే డెక్‌కు అలాంటి చిన్న క్రీచర్లు పదికి తగ్గకుండా కావాలి. క్యూబ్‌లో ఉన్నవే పది అయితే, వాటిలో సగం పెట్టెలోనో పక్కవారి చేతిలోనో ఉంటాయి. అప్పుడు దూకుడు డెక్ కట్టాలనుకున్నవాడు ప్రతిసారీ ఓడిపోతాడు, రెండు వారాల తర్వాత ఆ దారి వదిలేస్తాడు. అలా దూకుడు డెక్ మాయమైన రోజు నుంచి కంట్రోల్ డెక్ (ఎదుటివాడి కార్డులను అడ్డుకుంటూ నెమ్మదిగా గెలిచే డెక్) ఆడేవాడికి భయం ఉండదు. భయం లేని కంట్రోల్ డెక్ ఎదుట కూర్చోవడం ఎంత విసుగో ఆడినవారికి తెలుసు. ఒక రంగులో నాలుగు చిన్న కార్డులు తక్కువైతే దాని ప్రభావం బల్ల మీద ప్రతి ఒక్కరి ఆటనూ మార్చేస్తుంది.

బలం విషయంలో నా అభిప్రాయం గట్టిది. కార్డుల మధ్య బలంలో పెద్ద తేడా ఉండకూడదు. సోల్ రింగ్‌నే తీసుకోండి. ఒక మానా పెట్టి వేస్తే ప్రతి టర్న్‌లో రెండు మానాలు ఇస్తుంది. మొదటి టర్న్‌లో అది వేసినవాడు మిగతావారి కంటే రెండు టర్న్‌లు ముందుంటాడు. అన్ని కార్డులూ అంతే భీకరంగా ఉండే క్యూబ్‌లో అది సరదాయే. కామన్, అన్‌కామన్ (కాస్త అరుదైన) కార్డులతో కట్టే మీ క్యూబ్‌లో మాత్రం అది ఎవరి చేతికి వెళ్లిందన్నదే ఫలితం అవుతుంది. ఖరీదైన కార్డులు లేకపోతే ఎలా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. కామన్ కార్డులతో మాత్రమే కట్టే పాపర్ క్యూబ్ ప్రపంచమంతా ఆడుతున్నారు. లైట్నింగ్ బోల్ట్, కౌంటర్‌స్పెల్, లానోవార్ ఎల్వ్స్ ఇన్నేళ్ల తర్వాత కూడా చేతికొస్తే ఆనందం కలిగించే కార్డులు, మూడూ కామన్‌గా అచ్చయినవే. మీ దగ్గర ఒకటి రెండు ఖరీదైన బాంబులు, అంటే ఒంటిచేత్తో ఆటను గెలిపించే కార్డులు, ఉంటే వాటిని వేరే డెక్‌లో వాడుకోండి, క్యూబ్‌లోకి రానివ్వకండి.

నలుగురు ఆడే క్యూబ్‌లో ప్రతి కార్డూ కనీసం రెండు రకాల డెక్‌లకు పనికిరావాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. యంగ్ పైరోమాన్సర్‌ను చూడండి. రెండు మానాల 2/1. మీరు ఇన్‌స్టంట్ లేదా సోర్సరీ (ఒకసారి పనిచేసి పోయే మంత్రాలు, అంటే స్పెల్‌లు) వేసినప్పుడల్లా ఒక 1/1 టోకెన్ (కట్టలో కార్డు లేకుండా గుర్తుగా పెట్టే క్రీచర్) ఇస్తుంది. నీలం-ఎరుపులో స్పెల్‌లు గుప్పించేవాడికి అది గుండెకాయ. నలుపు-ఎరుపులో తన క్రీచర్లను బలిస్తూ లాభపడేవాడికి ఆ టోకెన్లే మేత. బ్లడ్ ఆర్టిస్ట్ బల్ల మీద ఉంటే చచ్చిన ప్రతి టోకెన్‌కూ ఎదుటివాడి ప్రాణం ఒకటి తగ్గుతుంది, మీది ఒకటి పెరుగుతుంది. ఇప్పుడు ఈ ఒక్క కార్డు కోసం ఇద్దరు పోటీ పడతారు, ఒకరికొకరు తెలియకుండానే. డ్రాఫ్ట్‌లో ఉత్కంఠ పుట్టేది ఆ పోటీలోంచే.

మల్‌డ్రిఫ్టర్ కూడా అలాంటిదే. అయిదు మానాలకు ఎగిరే 2/2, దిగగానే రెండు కార్డులు తీసుకోవచ్చు. మూడు మానాల తక్కువ ఖర్చుతో వేస్తే (దీన్ని ఇవోక్ అంటారు) దిగి, రెండు కార్డులు ఇచ్చి, గ్రేవ్‌యార్డ్‌కు, అంటే వాడేసిన కార్డుల కుప్పకు, వెళ్లిపోతుంది. కంట్రోల్ డెక్‌కు అది కార్డుల ఊట. తెలుపు-నీలంలో ఎఫెమరేట్ లాంటి ఒక మానా స్పెల్‌తో దాన్ని బయటికి పంపి వెనక్కి రప్పిస్తే మళ్లీ రెండు కార్డులు. నలుపు కలిపినవాడు గ్రేవ్‌డిగ్గర్‌తో దాన్ని చేతిలోకి తెచ్చుకుంటాడు. ఒక్క కార్డు మూడు దారులకు కూడలిలా నిలబడుతోంది. మీ జాబితాలో ప్రతి కార్డు పక్కనా అది ఏయే డెక్‌లకు పనికొస్తుందో రాయండి. ఒక్క డెక్ పేరు మాత్రమే రాయగలిగిన కార్డులను పక్కన పెట్టండి. ఒకదానికొకటి బలాన్నిచ్చే స్లివర్ జాతి క్రీచర్ల లాంటివి ఈ పరీక్షలో మొదట ఓడిపోతాయి, ఎందుకంటే తోటి స్లివర్లు చాలా ఉంటే తప్ప వాటికి విలువ లేదు. వాటి మీద ఎంత అభిమానం ఉన్నా మీ సంఖ్యకు సరిపడవు.

క్రీచర్లను తొలగించే కార్డులు ఎన్ని అన్నది మరో చిక్కు. తక్కువైతే అందరికంటే పెద్ద క్రీచర్ దించినవాడిదే గెలుపు. మరీ ఎక్కువైతే దించిన ప్రతిదీ చచ్చి, ఎవరూ దేని మీదా ఆశ పెట్టుకోలేరు. 38 కార్డులున్న రంగులో నలుపుకు, ఎరుపుకు ఏడెనిమిది, తెలుపుకు అయిదారు, ఆకుపచ్చకు క్రీచర్ల మధ్య పోరు పెట్టేవి మూడు నాలుగు పెట్టి చూడండి. నీలం తన కౌంటర్లతో (ఎదుటివాడి స్పెల్‌ను రద్దు చేసేవి), వెనక్కి పంపే స్పెల్‌లతో తన పని చేసుకుంటుంది. నాలుగు మానాలకు అన్ని క్రీచర్లనూ తుడిచేసే ర్యాత్ ఆఫ్ గాడ్ రకం కార్డులు మొత్తం క్యూబ్‌లో రెండుకు మించనివ్వకండి.

ఆట నిడివిని కూడా కట్టేటప్పుడే ఆలోచించాలి. ఎల్బీ నగర్ వెళ్లాల్సిన మిత్రుడు రాత్రి అమీర్‌పేటలో మెట్రో రైలు మారాలి. మూడో ఆట మధ్యలో అతని కళ్లు గడియారం మీదే ఉంటే ఎవరికీ తృప్తి ఉండదు. డ్రాఫ్ట్‌కు ముప్పావుగంట, డెక్ కట్టడానికి 20 నిమిషాలు వేసుకోండి. నలుగురూ ఒకరితో ఒకరు ఆడాలంటే మూడు రౌండ్లు. మూడింట రెండు గెలిచే పద్ధతికి టోర్నమెంట్లలో ఒక్కో రౌండుకు ఇచ్చే 50 నిమిషాలే మీరూ పెట్టుకుంటే మొత్తం మూడున్నర గంటలు దాటుతుంది. ఇరువైపులా క్రీచర్లు బారులు తీరి, ఎవరూ దాడి చేయలేక నిలిచిపోయే పరిస్థితి ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. అడ్డుకోలేని దాడి దీనికి మందు: ఎగిరే క్రీచర్లు, బ్లాకర్లను తప్పించుకునేవి, చివర్లో నేరుగా దెబ్బ కొట్టే స్పెల్‌లు. ఆకుపచ్చలో గోడల్లా నిలబడే క్రీచర్లను తగ్గించినా చాలావరకు కదలిక వస్తుంది. కార్డు మీది రాత కూడా సమయాన్ని తింటుంది. కొత్తగా నేర్చుకునే బావమరిదో చెల్లెలో వచ్చి కూర్చుంటే, ఏడెనిమిది పంక్తుల ఆంగ్లం ఉన్న 15 కార్డులు చదివేసరికి వాళ్లకు తల తిరుగుతుంది. ఒకే పని చేసే రెండు కార్డుల్లో రాత తక్కువున్నదాన్నే పెట్టండి.

నలుగురు ఉన్నప్పుడు 15 కార్డుల ప్యాకులు మూడు కాకుండా, 9 కార్డుల ప్యాకులు అయిదు పంచుకోండి. చివరికి చేతికొచ్చేవి ఆ 45 కార్డులే. పెద్ద ప్యాకు నలుగురి మధ్య నాలుగుసార్లు మీ దగ్గరికి వస్తుంది, కాబట్టి ‘ఇప్పుడు ఇది, తిరిగి వచ్చాక అది’ అనుకుని అన్నీ దక్కించుకోవచ్చు. 9 కార్డుల ప్యాకులో వదిలింది చాలావరకు వదిలినట్టే. పైగా ఒక్కొక్కరికి కొత్త ప్యాకులోంచి మొదట ఎంచుకునే అవకాశం మూడుసార్లకు బదులు అయిదుసార్లు దక్కుతుంది. ఆరుగురు వస్తే మామూలు పద్ధతి బాగుంటుంది.

ఇద్దరే వచ్చిన రోజుకు గ్రిడ్ డ్రాఫ్ట్ ఉంది. 9 కార్డులను మూడు వరుసలు, మూడు నిలువులుగా తెరిచి పరచండి. ఒకరు ఒక అడ్డవరుసో నిలువువరుసో తీసుకుంటారు. రెండోవారు మిగిలినవాటిలోంచి ఒక వరుస తీసుకుంటారు, వారికి రెండో మూడో దొరుకుతాయి. మిగతావి పక్కన పెట్టి కొత్త 9 పరచాలి, ఈసారి రెండోవారు మొదలుపెట్టాలి. ఇలా 18 సార్లు చేస్తే 162 కార్డులు అయిపోతాయి, ఇద్దరికీ డెక్ కట్టేంత చేరుతుంది. అన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి ఎదుటివాడికి కావాల్సింది లాక్కోవాలా, మనకు కావాల్సింది తీసుకోవాలా అన్న తర్జనభర్జన ప్రతిసారీ ఉంటుంది. మూసిన కార్డులతో కావాలనుకుంటే గార్‌ఫీల్డ్ రూపొందించిన విన్‌స్టన్ డ్రాఫ్ట్ కూడా ఇద్దరికి చక్కగా నడుస్తుంది.

సామాను సంగతి. కార్డు కొలత 63, 88 మిల్లీమీటర్లు. వెనుక వైపు కనిపించని ఒకే రంగు స్లీవ్‌లు (కార్డు తొడుగులు) ఒకేసారి కొనండి, తర్వాత కొన్నవాటి రంగులో చిన్న తేడా వచ్చినా కార్డు గుర్తుపట్టేయవచ్చు. బేసిక్ ల్యాండ్లకూ (ఒక్క రంగు మానా ఇచ్చే మామూలు ల్యాండ్లు) అవే స్లీవ్‌లు వేయాలి, అవీ అదే డెక్‌లో కలుస్తాయి కదా. ఆరుగురికి రంగుకు 25 నుంచి 30 ల్యాండ్లు చాలు. అంటే 270 కార్డులు, 150 ల్యాండ్లు, చిరిగేవాటి కోసం మరికొన్ని కలిపి 450 స్లీవ్‌లు తెచ్చుకోండి. ఫాయిల్ (మెరిసే పూత ఉన్న) కార్డులు పెట్టవద్దు. వానాకాలం తేమకు అవి వంగిపోతాయి, కట్టలో వంగిన కార్డు ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది. కింద చాప వేసుకుని ఫ్యాన్ గాలిలో ఆడేవారికి స్లీవ్‌ల బరువు మరో విధంగానూ కలిసొస్తుంది, టోకెన్లు ఎగిరిపోవు.

దొరకని కార్డుకు కాగితం మీద అచ్చు వేసుకుని, పనికిరాని కార్డు ముందు పెట్టి స్లీవ్‌లో దూర్చి ఆడటం తప్పేమీ కాదు. వ్యక్తిగతంగా, వ్యాపారం లేకుండా వాడుకునే అలాంటి పరీక్షా కార్డుల జోలికి రాబోమని తయారీ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2016లో చెప్పింది. అధికారిక టోర్నమెంట్లలో మాత్రం అవి చెల్లవు. ఛత్తా బజార్ ముద్రణాలయాల్లో మందపాటి కాగితం మీద అచ్చు వేయించాలన్న ఆలోచన మీకు రావచ్చు, కానీ అంత అవసరం లేదు. మామూలు కాగితమే స్లీవ్‌లో చక్కగా ఇముడుతుంది, అసలుదని ఎవరూ పొరబడరు.

కార్డులు ఏరిన తర్వాత జాబితాను క్యూబ్ కోబ్రా అనే వెబ్‌సైట్‌లో ఎక్కించండి. రంగులు, మానా ఖర్చులు ఎలా పంచారో అది బొమ్మగా చూపిస్తుంది, కంప్యూటర్ ఆటగాళ్లతో డ్రాఫ్ట్ చేసి చూసుకోవచ్చు కూడా. తర్వాత మిత్రులతో ఆడిన ప్రతిసారీ రెండు విషయాలు రాసుకోండి: ప్యాకు చివర్లో ఎవరికీ అక్కర్లేక తేలిన కార్డులు, డెక్‌లో పెట్టుకోవాలని తీసుకుని కూడా పక్కన పెట్టేసినవి. ఒక్కసారి తేలినంత మాత్రాన తీసేయవద్దు, ఆ రోజు ఆ రంగు ఎవరూ ఆడకపోయి ఉండవచ్చు. పదేపదే తేలితేనే మార్చండి. ఒకేసారి అయిదు నుంచి పది కార్డులు చాలు. యాభై మారిస్తే ఏ మార్పు వల్ల ఆట బాగుపడిందో తెలియదు. గెలిచినవారి కంటే ఓడినవారితో ఎక్కువ మాట్లాడండి. ‘ఏ కార్డు కోసం ఎదురుచూసి దొరకలేదు?’ అని అడిగితే, ఏ దారి సన్నగా ఉందో వాళ్లే చెబుతారు.

మొదటి జాబితా తయారయ్యాక ఇక్కడ పెట్టండి, తప్పకుండా చూస్తాను. దానితోపాటు తెలుపులో, ఎరుపులో రెండు మానాలకు మించని క్రీచర్లు ఎన్ని ఉన్నాయో విడిగా రాయండి. రంగుకు పన్నెండుకు తగ్గితే, అక్కడి నుంచే సరిచేయడం మొదలుపెడదాం.